కండెం జీపుల నీడ

భరణి కార్తె, సోమవారం

సైటు డైరీ మూడు వాక్యాలు దాటకూడదని శిక్షణలో చెప్పారు. ఎంత పని అయింది, ఎంత మిగిలింది, ఎవరికైనా దెబ్బ తగిలిందా. అంతే. మూడు వాక్యాల్లో నాకు తిట్టడమే రాదు, ఇక రాయడం ఎక్కడ వస్తుంది? చదివేవాళ్ళే ఓపిక పట్టాలి.

నా పేరు బొజ్జా సువార్త. సర్కారు స్థలాల్లో బండ్లు నిలిపే చోట సోలారు పందిళ్ళు వేయించడం నా పని. పైన పలకలు కరెంటు పుట్టిస్తాయి, కింద బండ్లకు నీడ. నా దగ్గర ఆరుగురు పనిచేస్తారు, అందరిలోకీ పెద్దవాడు వెల్డరు నాగూర్ వలీ. కోర్టు అయింది, కలెక్టరాఫీసు అయింది, ఇప్పుడు ఈ రాళ్ళగుంటపాడు పెద్దాసుపత్రి. ఇది అప్పజెప్పగానే మా ఊరి బస్టాండు సైటు నాకే ఇస్తామన్నారు. సొంత మంచం మీద పడుకుని రెండేళ్ళు దాటింది. అందుకే ఈ పని తొందరగా ముగించి పారిపోవాలని ఉంది, ఇందులో దాచేదేమీ లేదు.

తెల్లవారుతూనే దిగాం. పదింటికి ఎండ సైరన్ మోగేలోపు స్తంభాలకు గుర్తులు పెట్టేయాలి. మోగాక నీడ లేని చోట మనిషి కనిపిస్తే పోలీసులు బండెక్కించి, ఎండ నుంచి కాపాడే సర్కారు శిబిరంలో దింపేస్తారు. మళ్ళీ సాయంత్రం సైరన్ దాకా ఊరు కదలదు. ఉన్న ఆ కాస్త సమయంలో టేపు పట్టుకుని పోతే ఏముంది, ఇరవై నాలుగు బండ్లు పట్టే స్థలంలో పదకొండు చోట్ల కండెం జీపులు. పనికిరావని తేల్చి, వేలం వేస్తామని పక్కన పెట్టి, మరిచిపోయిన సర్కారు బండ్లు. ఏ సైటుకు పోయినా ఒకటో రెండో ఉంటాయి గానీ పదకొండు ఎక్కడా చూడలేదు. జిల్లాలో ఏ శాఖ జీపు చచ్చినా శవాన్ని ఇక్కడికే తెచ్చినట్టున్నారు. ఒకదానికి స్టీరింగు లేదు. ఒకదాని టాపు చీల్చుకుని తుమ్మచెట్టు బయటికి వచ్చింది.

బండ్ల సెక్షను గుమాస్తా గోపాలాచారి గారిని కదిలించాను. వేలం ఉత్తర్వు రాకుండా చెయ్యి వేస్తే ప్రభుత్వ ఆస్తిని పాడుచేసినట్టేనని, ఫైలు పై ఆఫీసులో ఉందని చెప్పాడు. ఎప్పటి నుంచి ఉందయ్యా అంటే, తాను ఉద్యోగంలో చేరినప్పుడు కూడా అక్కడే ఉందట. ఆ మాట నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

చివరికి జీపుల సందుల్లోనే స్తంభాలకు గుర్తులు పెట్టాం.

భరణి కార్తె, గురువారం

ఆవరణ మూలన పాత సైకిల్ స్టాండు రేకుల షెడ్డు ఒకటుంది. రోగుల తాలూకు మనుషులు పగలంతా దాని కిందే పడి ఉంటారు. చల్లవార్డుల్లోకి రోగిని తప్ప ఎవరినీ రానివ్వరు. వరండాల్లో వడదెబ్బ తగిలినవాళ్ళే నేలంతా పరుచుకుని ఉన్నారు. ఇంటికి పోదామంటే బస్సులు పొద్దునా సాయంత్రమే తిరుగుతాయి. ప్లాను ప్రకారం ఆ షెడ్డు పీకేయాలి.

పీకేస్తున్నామని చెప్పడానికి వెళ్ళి అక్కడే కూర్చుండిపోయాను. ఆదెమ్మ అని ఒక పెద్దావిడ విసనకర్రతో కోడలికి విసురుతోంది. కోడలి పేరు కరుణ, ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల, కేజీ రెండు వందల గ్రాములు. పసిపిల్లల చల్లగదిలో గాజుపెట్టెలో ఉంది. మంచాలు చాలక తల్లిని మూడో రోజే బయటికి పంపేశారు. అయితే బిడ్డకు తల్లిపాలే పట్టాలి, ఫ్రిజ్జులు మందులకే చాలక పాలు దాచి ఉంచరు. రెండు గంటలకోసారి గంట కొడతారు. కరుణ కప్పు వేసిన దారిలో నడిచి వెళ్ళి, పాలు పిండి ఇచ్చి, గాజులోంచి బిడ్డను చూసుకుని వస్తుంది. కేజీ ఎనిమిది వందలకు వస్తే ఇంటికి పంపుతామన్నారు. భర్త ఓడరేవులో పని, నెలకోసారి వస్తాడు. బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదు. ఆదెమ్మ మాత్రం గువ్వ అంటోంది.

“షెడ్డు పీకితే మేం యాడికి పోవాల మేస్త్రమ్మా? శిబిరం ఐదు కిలోమీటర్లంట. ఆడికి పోతే పగలంతా గువ్వకి పాలెట్టా?” అంది ఆదెమ్మ.

నా నోటికి ఎప్పుడూ తొందరే. ఈ తుప్పు రేకుల కోసం ఏడవకండి, ఇంతకు పదింతల నీడ నేనిస్తానని అందరి ముందూ మాట ఇచ్చేశాను. ఎందుకివ్వను? ఇరవై నాలుగు బండ్ల పందిరి వేస్తున్నదాన్ని. కరుణ నమ్మినట్టు తలూపింది.

కృత్తిక కార్తె, మంగళవారం

షెడ్డు పీకేశాం. పందిరి పూర్తయ్యేదాకా జీపుల మధ్య టార్పాలిన్లు కట్టి ఇచ్చాను.

స్తంభాలన్నీ లేచాయి, పలకలు ఎక్కిస్తున్నాం. ప్రతి పలకా జీపు మీదుగా ఎక్కించాల్సి వస్తోంది. కుర్రాళ్ళు టాపుల మీద కాలు పెడితే తుప్పుకు కాలు లోపలికి దిగబడుతోంది. అడగందే అమ్మైనా పెట్టదని జిల్లాకు అర్జీ రాశాను. జవాబు లేదు. ఫొటోలు పెట్టి ఇంకోటి రాశాను. ఎండ శాఖ ఫిర్యాదుల నంబరుకు రోజూ ఫోను చేసి, జీపుల వల్ల పని ఆగిపోతోందని గోల చేస్తున్నాను. నిజానికి పని ఆగలేదు, కాస్త పెంచి చెప్పాను. “నీ నోరు సైరన్ కన్నా ముందు మోగుద్ది” అని ఆదెమ్మ ఎగతాళి. ఆవిడ రాగిజావ కాచి మా అందరికీ పోస్తోంది కాబట్టి ఊరుకుంటున్నాను.

గువ్వ కేజీ మూడు వందలయింది.

కృత్తిక కార్తె, శనివారం

ఈరోజు పందిరి ప్రారంభించాం. సూపరింటెండెంటు మేడమ్ మీట నొక్కారు, అందరూ చప్పట్లు కొట్టారు. సైరన్ మోగేసరికి జనమంతా చాపలు తెచ్చుకుని పందిరి కింద పరుచుకున్నారు. నేను కొంచెం గొప్పలు కూడా పోయాను. ఎంత నీడ అది! పిల్లలు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తారు.

మిట్టమధ్యాహ్నం కాగానే పలకల్ని తిప్పే మోటార్లన్నీ ఒక్కసారి మూలిగాయి. పడుకున్న పలకలు మెల్లగా లేచి, అంచులు సూర్యుడి వైపు పెట్టి, నిట్టనిలువుగా నిలబడ్డాయి. నీడ మొత్తం సన్నటి చారలైపోయింది. ఎండ దభీమని మీద పడింది. ఆడవాళ్ళు పిల్లల్ని చంకన వేసుకుని పరుగు. పైకి లేవని పలకలు కింద నిలిపిన నాలుగు అంబులెన్సుల మీదవీ, జీపుల మీదవీ మాత్రమే. అందరం పోయి ఆ జీపుల పక్కన కిక్కిరిసి నిలుచున్నాం.

కరెంటు పంపకం చూసే లోడు కేంద్రానికి ఫోను చేసి నా నోటికొచ్చినట్టు అరిచాను. హవీష్ అనే ఇంజినీరు కుర్రాడు ఎత్తాడు, పాపం అంతా విన్నాడు. మధ్యాహ్నం రాష్ట్రమంతా సోలారు కరెంటు పొంగిపోతుందట, తీసుకునే దిక్కుండదు. తీసుకోని కరెంటుతో పలకలు ఎండలో మాడితే వాటి ఆయుష్షు తగ్గుతుంది. అందుకని ఆ మూడు గంటలూ వాటిని నిలబెట్టేస్తుంది యంత్రం. కింద సర్కారు బండి ఉంటే మాత్రం లేపదు, బ్యాటరీ వేడెక్కి అంటుకుంటుందని. కోర్టులో, కలెక్టరాఫీసులో ప్రతి పలక కిందా బండి ఉండేది, అందుకే ఈ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

“మరి ఇవి కండెం జీపులు కదా బాబూ, వీటికి బ్యాటరీ ఎక్కడిది?” అన్నాను.

“యంత్రం నంబరు ప్లేటే చూస్తుందండీ. వేలం కాలేదు కాబట్టి ఆ నంబర్లు ఇంకా సర్కారు రిజిస్టరులో బతికే ఉన్నాయి” అన్నాడు.

ఫోను పెట్టేసి పడీపడీ నవ్వాను. ఇన్నాళ్ళూ తిట్టిన బండ్లే ఇంతమందినీ కాపాడాయి.

కృత్తిక కార్తె, మరుసటి బుధవారం

జీపులు ఇళ్ళయిపోయాయి. తుడిచారు, కడిగారు, తుమ్మచెట్టు కొమ్మకు ఉయ్యాల కట్టారు. ఎవరి జీపు ఎవరిదో పేర్లు కూడా పెట్టుకున్నారు: పశువుల డాక్టరు జీపు, ఎక్సైజు జీపు, తాసిల్దారు జీపు. కరుణకు తాసిల్దారు జీపు వచ్చింది, దాని వెనక సీటు ఇంకా మెత్తగానే ఉంది. ఆ సీటులో కాళ్ళు చాపుకుని పడుకుని, గంట కొట్టగానే లేచి వెళ్తోంది. నిద్ర పడుతోంది కాబట్టి పాలు బాగా పడుతున్నాయట. గువ్వ కేజీ నాలుగు వందల ఇరవై. ఆదెమ్మ నా బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. నలభై ఆరేళ్ళ దాన్ని, సిగ్గు వేసింది.

మిగతా తొమ్మిది చోట్లకు కూడా మినహాయింపు ఇవ్వమని సూపరింటెండెంటు మేడమ్ పైకి రాశారు. వేసవి అయ్యాక పరిశీలిస్తామని జవాబు వచ్చింది. మా సామాన్ల లారీని నిలబెట్టి చూశాను. సర్కారు నంబరు కాదని పలక లేచి కూర్చుంది.

రోహిణి కార్తె, మంగళవారం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఈరోజు నా తల పగిలింది.

గోపాలాచారి గారు కాగితం ఊపుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. వేలం ఉత్తర్వు! పదకొండు జీపులూ శుక్రవారం తెల్లవారేసరికి లారీల్లో ఎత్తుకుపోతారు, నంబర్లు రిజిస్టరులోంచి కొట్టేస్తారు. ఇన్నేళ్ళ ఫైలు ఎలా కదిలిందయ్యా అంటే, “అంతా మీ చలవేనమ్మా. మీ ఫిర్యాదులు పడలేక పైవాళ్ళు సంతకం పెట్టేశారు” అన్నాడు.

ఏం చెప్పను? ఆపమని కాళ్ళావేళ్ళా పడ్డాను. రమ్మన్నదీ మీరే, వద్దన్నదీ మీరేనా అన్నట్టు చూశాడు. అయినా మంచివాడే, నా ఎదురుగానే జిల్లాకు ఫోను చేశాడు. ఇచ్చిన ఉత్తర్వు వెనక్కి తీసుకోవాలంటే మళ్ళీ కొత్త ఫైలు తెరవాలట. ఆ కొత్త ఫైలు ఎన్నేళ్ళు పడుతుందో మా ఇద్దరికీ తెలుసు.

కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. రోజంతా నన్ను నేనే తిట్టుకుంటూ తిరిగాను. కరుణకు చెప్పే ధైర్యం రాక నాగూర్ వలీతో చెప్పించాను.

రోహిణి కార్తె, శుక్రవారం

లారీలు వచ్చాయి. జీపుల్ని క్రేనుతో ఎత్తుతుంటే అడుగు రేకులు ఊడి కింద పడ్డాయి. ఆదెమ్మ తాసిల్దారు జీపు సీటు ఊడబెరుక్కుని దాచింది, ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం అన్ని పలకలూ లేచాయి, నాలుగు అంబులెన్సులవి తప్ప. ఆ అంబులెన్సులు కూడా ఒకచోట నిలవవు కదా, కేసు రాగానే పరిగెడతాయి. వాటితో పాటే నీడా పోతుంది. జనం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. నిలువుగా లేచిన ఒక పలక నీడ చారలో కరుణ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది, ఆదెమ్మ ఎండ వైపు అడ్డంగా చీర కొంగు పట్టుకుని నిలుచుంది. పొద్దు కదిలినకొద్దీ ఇద్దరూ జరుగుతూ పోయారు. మా టార్పాలిన్లు కట్టాం గానీ రోహిణి ఎండకు అవి పెనం మీద మూతలే. కింద కూర్చున్నవాళ్ళు ఉడికి బయటికి వచ్చేశారు.

రోహిణి కార్తె, శనివారం

పొద్దున గంటకు వెళ్ళిన కరుణ ఏడుస్తూ వచ్చింది. పాలు పడలేదు. నిన్నటికి సగం కూడా రాలేదట. నర్సమ్మ కసరలేదు, నీళ్ళు బాగా తాగమ్మా, నీడన ఉండమ్మా అందట. ఎక్కడి నీడ? మొన్నటికి కేజీ ఐదు వందల ఇరవై ఉన్న గువ్వ నలభై గ్రాములు తగ్గింది. కేజీ నాలుగు వందల ఎనభై అంటే అరచేతిలో పట్టేంత, అందులో నలభై గ్రాములు పోవడమంటే మాటలు కాదు.

మధ్యాహ్నం ఇద్దరు ముసలివాళ్ళు కళ్ళు తిరిగి పడ్డారు. ఇక లాభం లేదని సూపరింటెండెంటు మేడమ్ రేపు సాయంత్రం బస్సుకు అందరినీ శిబిరానికి పంపమని ఉత్తర్వు వేశారు. ఆవిడను తప్పు పట్టను. కళ్ళ ముందు మనుషులు పడిపోతుంటే ఏ డాక్టరైనా అదే చేస్తుంది. అయితే కరుణ శిబిరానికి పోతే గువ్వకు పగలంతా పాలు లేవు. డబ్బా పాలు పడితే ఆ పేగులు తట్టుకోలేవని నర్సమ్మ మొదటి రోజే చెప్పింది.

కరుణ నా దగ్గరకు వచ్చి కూర్చుంది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

“అక్కా, నేను బస్సెక్కను. పోలీసులొస్తే ఆ పసిపిల్లల గది గోడ వెనకాల దాక్కుంటా. అత్తను మాత్రం నువ్వు ఎక్కియ్యి” అంది.

నేను మాట ఇచ్చాను. షెడ్డు పీకింది నేను. జీపుల్ని వెళ్ళగొట్టింది నేను. పందిరి నా చేత్తో వేశాను, పలకలు ఎలా లేస్తాయో ఎలా లేవవో నాకంటే ఎవరికి తెలుసు?

సాయంత్రం సైరన్ ఆగగానే నాగూర్ వలీని పిలిచాను. జీపులు నిలిచిన ఏడో పలక నుంచి పదిహేడో పలక దాకా మోటారు పిన్నులు పీకేసి, తిరిగే గొట్టాల్ని వెల్డింగుతో స్తంభాలకు అతికించేయమన్నాను. గాలివాన వచ్చినా పలకలు పడుకుని ఉంటేనే క్షేమం, దానికి భయం లేదు. వేడికి వాటి ఆయుష్షు నాలుగేళ్ళు తగ్గుతుందేమో. తగ్గనీ.

వలీ గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు.

“అక్కా, ఇది చేత్తే మీ ఊరి సైటు నీకు రాదు. ఆ పైన ఏ సైటూ రాదు. నేనే తెలీక చేశానని రాయి, నాకేం, రేపు ఇంకో చోట రాడ్డు పట్టుకుంటా.”

“సైటు నాది, డైరీ నాది. నీ పేరు రాయను” అన్నాను.

అలా అన్నాక కూడా వాడి పేరు ఇక్కడ రాసేశాను. నా నోరూ నా చెయ్యీ ఒకటే. చదివేవాళ్ళు గమనించాల్సింది ఒక్కటే, చెప్పింది నేను, వాడు నా మాట విన్నాడు.

రోహిణి కార్తె, ఆదివారం

చీకటి పడకముందు సగం, తెల్లవారాక సగం అతికించాం. సైరన్ మోగాక ఎవరికీ ఏమీ చెప్పలేదు. చాపలు వేసుకోండి అన్నాను, అంతే. జనం అనుమానంగా పైకి చూస్తూ కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం కాగానే మోటార్లు మూలిగాయి. మిగతా చోట్ల పలకలు లేచాయి. మా పదకొండింటికి మోటార్లు ఊరికే తిరిగాయి, పలకలు కదల్లేదు. నీడ ఉన్నచోటే ఉంది. ఆదెమ్మ నా వైపు చూసింది, నేను మొహం తిప్పుకున్నాను. ఏడుస్తున్నానని వాళ్ళకు తెలియడం నాకు ఇష్టం లేదు.

ఆవిడ జీపు సీటు తెచ్చి ఏడో పలక కింద వేసింది. కరుణ దాని మీద ఒరిగి, రెండు రోజుల నిద్ర ఒక్కసారే పోయింది. గంట కొడితే మేమే లేపాం. వెళ్ళి వచ్చి, నిన్నటి కంటే నయమక్కా అంది. సూపరింటెండెంటు మేడమ్ కిటికీలోంచి చాలాసేపు పందిరి వైపు చూశారట. సాయంత్రం బస్సు వద్దని కబురు వచ్చింది.

ఫోను వస్తుందని తెలుసు. వచ్చింది. హవీష్.

ఏడు నుంచి పదిహేడు దాకా పలకలు తన మాట వినడం లేదు, ఏమయిందండీ అని అడిగాడు. తుప్పు పట్టిందని, ఇసుక దూరిందని, అబద్ధాలు నాలుగైదు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. అతికించేశానని చెప్పాను. కరుణ సంగతి చెప్పాను, గువ్వ సంగతి చెప్పాను. మా ఊరి సైటు సంగతి కూడా వదల్లేదు.

“మీరు అతికించారని రాస్తే పోలీసు కేసవుతుందండీ. బిగుసుకుపోయాయని రాస్తాను. బాగుచేయాల్సింది సైటు ఇన్‌ఛార్జే కాబట్టి పని మీ పేరు మీదే పడుతుంది. అది అయ్యేదాకా మీరు అక్కడి నుంచి కదలకూడదు. మీ ఊరి సైటు వేరేవాళ్ళకు పోతుంది” అన్నాడు.

పోనీ అన్నాను. మా ఇంట్లో కిటికీ పక్కన వేసిన మంచం గుర్తొచ్చింది. అయినా వెనక్కి తీసుకోలేదు. ఈ రెండు రోజుల పుటలు మాత్రం పైకి పంపను, హవీష్ మీదికి వస్తుంది.

“ఎన్నాళ్ళు పడుతుందని వెయ్యమంటారు? పాప కేజీ ఎనిమిది వందలకు వచ్చేదాకా ఒక నెల వేద్దామా?” అన్నాడు హవీష్.

పందిరి వైపు చూశాను. పొద్దుటి అంబులెన్సులో ఇంకో అమ్మాయి దిగింది. ఆరున్నర నెలలకే కాన్పట, కవలలు గాజుపెట్టెల్లో, తనకు మంచం లేదు. పచ్చి బాలింత, ఎక్కడ కూర్చోవాలో తెలియక స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. ఆదెమ్మ కరుణను కాస్త జరగమని, సీటు సగం ఖాళీ చేసి ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. గంట ఎప్పుడు కొడతారో, ఏ దారిన వెళ్ళాలో కరుణ ఆమెకు చూపిస్తోంది.

“తేదీ వెయ్యొద్దు బాబూ” అన్నాను.